మూడు నెలలు జిమ్ బాగా చేసి ఒక్కసారిగా ఆగిపోయాను. మళ్లీ ఎలా మొదలుపెట్టారు మీరంతా? (విశాఖ)

గాజువాక కుర్రోడు
అందరికీ నమస్కారం. పోయిన నవంబరులో జిమ్‌లో చేరాను. అప్పుడు 91 కిలోలు. ఫిబ్రవరి చివరికి 84కి వచ్చాను, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడి ఎత్తడం) 100 కిలోలు లేపాను. ఆ రోజు ఇంటికెళ్లి అమ్మకి వీడియో చూపించాను కూడా. తర్వాత అన్నీ వరసగా వచ్చిపడ్డాయి. తొమ్మిది రోజులు వైరల్ ఫీవర్, అది తగ్గగానే సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ), ఆపైన మేనత్త కూతురి పెళ్లి. మూడు వారాలు పోయాయి. మొన్న మంగళవారం వెళ్తే 80 కిలోలకే మూడో రెప్‌లో, అంటే మూడోసారి ఎత్తేటప్పుడు, పట్టు జారిపోయింది. ఎవరూ నవ్వలేదు, అసలు ఎవరూ చూడనే లేదు. అయినా బార్ వదిలేసి బయటికొచ్చి బైక్ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. మళ్లీ వెళ్లలేదు. బ్యాగు తలుపు వెనకాల మేకుకి వేలాడుతోంది. లోపల ఆ మంగళవారం నాటి టవల్ అలాగే ఉంది. జూన్ వరకు డబ్బు కట్టేశాను. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాత బార్‌బెల్
తమ్ముడూ, ముందు ఆ టవల్ తీసి ఉతుక్కో. బ్యాగు సర్దితే సగం వెళ్లినట్టే.

నీ కండ ఎక్కడికీ పోలేదు. కండరాల్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. జ్వరంలో తిండి తగ్గితే ఆ నిల్వా తగ్గుతుంది, దాంతో నీళ్లూ పోతాయి. చొక్కా భుజాల దగ్గర వదులైనట్టు అనిపించేది అందుకే. బలం సంగతి కూడా అంతే. కొత్తగా మొదలుపెట్టిన వారాల్లో పెరిగే బలంలో చాలా భాగం నరాలు ఆ పని నేర్చుకోవడం వల్ల వచ్చేదే. అది కాస్త తుప్పు పట్టింది, మళ్లీ చేస్తుంటే వదిలిపోతుంది. 2019లో నాకు నడుం పట్టేసి ఐదు నెలలు ఆగాల్సి వచ్చింది. అంతకుముందు నేను లేపుతున్న బరువుని మొదటిసారి అందుకోవడానికి రెండేళ్లు పట్టింది. రెండోసారి నాలుగు నెలలే.

50 కిలోలతో మొదలుపెట్టు. ఐదేసి రెప్స్, రెండు సెట్లు, అంతే, ఇంటికి వచ్చెయ్. వారానికి ఐదో పదో కిలోలు పెంచు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: జ్వరం తగ్గాక కూడా మెట్లెక్కితే దడగా ఉన్నా, ఛాతీలో నొప్పి అనిపించినా డాక్టరుకి చూపించకుండా బార్ ముట్టుకోవద్దు.

ఎంవీపీ ఉదయం
బాబూ, నాకు 46 ఏళ్లు. నాలుగేళ్లుగా బీచ్ రోడ్డులో పరుగెడుతున్నాను. తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు కాబట్టి కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి రోడ్డు మధ్యలోనే వెళ్లొచ్చు. మొదటి ఏడాది ఫిబ్రవరిలో ఐదు కిలోమీటర్లు 36 నిమిషాల్లో చేశాను. మేలో అదే దూరానికి 41 పట్టింది. ఇక నా వయసు అయిపోయింది అనుకుని వారం మానేశాను. తీరా చూస్తే అది మన ఊరి ఉక్కపోత. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చర్మం దాకా ఎక్కువ రక్తం పంపడానికి అంతే వేగంతో పరుగెత్తినా గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. డిసెంబరులో 34 నిమిషాలకు వచ్చాను. అప్పట్నుంచి మే, జూన్ నెలల్లో వాచీ పెట్టుకోను.

నన్ను నిజంగా నిలబెట్టింది మాత్రం మా పైవాటా పిన్నిగారు. ఆవిడ నడక, నాది పరుగు, కలిసి బయల్దేరతాం. 5:20కి మెట్ల మీద లైటు వేస్తారు. పిలవరు, ఫోన్ చెయ్యరు. మా తలుపు కింద సందులోంచి ఆ వెలుగు గీతలా లోపలికి పడుతుంది. దాన్ని చూస్తూ మళ్లీ దుప్పటి కప్పుకోవడం నా వల్ల కాదు. నీకూ అలాంటి లైటు వేసేవాళ్లు ఒక్కరుంటే చాలు.

రోజూ నాలుగున్నర
మూడ్ కోసం చూస్తే ఏదీ జరగదు బ్రదర్. పొద్దున నాలుగున్నరకి లేవడమే. మూడేళ్లలో నేను ఒక్కరోజు తప్పలేదు. ఒకరోజు వదిలితే రెండోరోజూ వదులుతాం.

నైట్ డ్యూటీ సిస్టర్
అన్నగారూ, మీ పట్టుదలకి నమస్కారం. కానీ నాలుగున్నరకి నేను వార్డులో బీపీలు చూస్తుంటాను. రాత్రి డ్యూటీ వాళ్లకి మీ లెక్క పెడితే ముందు పోయేది నిద్ర. నిద్ర లేకుండా బరువులెత్తితే పెద్దగా పెరిగేదేమీ ఉండదు, దెబ్బలు తగలొచ్చు.

గాజువాక తమ్ముడూ, నాకు రెండు లెక్కలున్నాయి. పగలు డ్యూటీ వారంలో మూడు రోజులు జిమ్. రాత్రి డ్యూటీ వారంలో జిమ్ జోలికే పోను. పడుకుని లేచాక ఇంట్లోనే పదిహేను నిమిషాలు: స్క్వాట్స్, వంటగట్టు పట్టుకుని పుషప్స్. అది చేస్తే ఆ వారం తప్పనట్టే. ఇలా విడదీసుకోకముందు ప్రతి నైట్ వారం ఓడిపోయినట్టే ఉండేది.

21 రోజుల్లో అలవాటైపోతుందని అందరూ అంటారు కదా, అదీ నమ్మకు. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఆ చివరి మాట చదివాక నాకు చాలా భారం దిగింది.

తొలి పావంచా
నాది వేరే కథ. సుగర్ వచ్చాక డాక్టరు నడవమన్నారు. ఊరికే నడవడం మనసుకి పట్టలేదు. అప్పన్న గిరి ప్రదక్షిణ పెట్టుకున్నాను, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. మొదటి ఏడు వెంకోజీపాలెం దగ్గర అరికాళ్లు బొబ్బలెక్కి ఆటో ఎక్కేశాను. మరుసటి ఏడు ఆషాఢ పౌర్ణమికి పూర్తిచేశాను, తెల్లారి తొలి పావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గరికి చేరేసరికి కళ్లంట నీళ్లొచ్చాయి.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. రెండు నెలలు గడప దాటలేదు. అనుకున్నది అయిపోయింది, ఇంక దేనికి నడవాలి? సుగర్ మళ్లీ పెరిగింది. ఇప్పుడు నెలకోసారి, మొదటి శనివారం, సింహాచలం మెట్ల దారిన ఎక్కుతాను. ఏడాదికొక్క పండగ సరిపోదు బాబూ. మీ 100 కిలోలు కూడా అలాంటిదేనేమో, ఒకసారి చూసుకోండి.

పీఈటీ మాస్టారు
మన ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి పిల్లలకి చెప్తుంటాను. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరుగెత్తింది. వెనక నుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లు. హద్దు 2.0. అందుకని జాతీయ రికార్డు కింద లెక్కలోకి రాలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు సాధించింది, 2002 నుంచి నిలిచిన 13.38ని దాటి. తర్వాత 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం తెచ్చింది. సమయం ఎంతో తెలుసా? అదే 13.09. నువ్వు లేపిన వందా నీ ఒంట్లోనే ఉంది నాయనా.

గాజువాక కుర్రోడు
మాస్టారూ, మీ మాట అమ్మకి చదివి వినిపించాను.

అందరికీ థాంక్స్. టవల్ ఉతికాను. నిన్న సాయంత్రం వెళ్లాను. 50 కిలోలు, రెండు సెట్లు, పదిహేను నిమిషాల్లో బయటికొచ్చేశాను. ఇంకా చెయ్యాలనిపించింది గానీ బార్‌బెల్ అన్నయ్య మాట గుర్తొచ్చి ఆగిపోయాను. దడ లాంటిదేమీ లేదు. తొలి పావంచా గారు అన్నదీ నిజమే, ఆ వంద లేపాక ఏం చెయ్యాలో నేను అనుకోనే లేదు, జ్వరం రాకముందే రెండు రోజులు ఎగ్గొట్టాను. ఇప్పుడు మెట్ల దారి మీద ఆశ పుట్టింది. వచ్చే మొదటి శనివారం మీతో రావచ్చా?

తొలి పావంచా
తప్పకుండా. మెట్ల కింద 5:30కి ఉంటాను. నేను మెల్లగా ఎక్కుతాను, మధ్యలో రెండుసార్లు కూర్చుంటాను, మీకు ఇబ్బంది లేకపోతే.

గాజువాక కుర్రోడు
ఆ వారం నాకు ఎ షిఫ్ట్ (పొద్దున డ్యూటీ) అండి, శనివారం ఆఫ్ మార్చుకుంటాను. మంచినీళ్లు నేను తెస్తాను.