ఆల్టో సాక్సోఫోన్ టోన్ పలచగా వస్తోంది, ఎక్కడ సరిచేసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఆల్టో సాక్సోఫోన్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. వేళ్లు బాగానే తిరుగుతున్నాయి, స్కేళ్లు వస్తున్నాయి, కానీ టోన్ మాత్రం పలచగా, ముక్కుతో పాడినట్టు ఉంటోంది, రికార్డు చేసుకుని వింటే మనసు చివుక్కుమంటోంది.

రీడ్ (ఊదితే కంపించి శబ్దమిచ్చే పలచని పట్టీ) నంబర్ 2, దాన్ని బిగించి నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్ వాయిద్యంతో వచ్చిందే. రోజూ పావుగంట లాంగ్ టోన్స్ చేస్తున్నాను, అంటే ట్యూనర్ ముందు ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలబెట్టి, మెల్లగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గించడం. కింది స్వరాలు గరగరలాడతాయి, స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్లే ఆక్టేవ్ కీ నొక్కాక పైవన్నీ శ్రుతి దాటి పైకి పోతాయి, కింది పెదవి లోపల పళ్ల గుర్తులు కూడా పడుతున్నాయి కాబట్టి రీడ్‌ని కొరుకుతున్నానని నా అనుమానం. ఆల్టో మౌత్‌పీస్ ఒక్కటే ఊదితే 880 హెర్ట్జ్ దగ్గర, అంటే 'ఎ' స్వరం రావాలంటారు కదా, నాకు దానికంటే బాగా పైన వస్తోంది. దవడ వదిలితే శ్రుతి దిగుతుంది గానీ పెదవుల పక్కల నుంచి గాలి పోతోంది.

ఇక్కడే ఆగిపోయాను. దవడ వదులుగా ఉంచి పెదవుల మూలలు మాత్రమే బిగించడం మీకు ఎలా అలవాటైంది? కింది బి ఫ్లాట్ వేళ్లు పెట్టి గొంతు ఆకారంతోనే పై స్వరాలు పలికించే ఓవర్‌టోన్ సాధన ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? రీడ్ 2.5కి, అంటే ఇంకాస్త గట్టిదానికి మారితే టోన్ నిండుగా వస్తుందా, లేక ఇంకా గట్టిగా కొరకడం అలవాటవుతుందా? కొత్త మౌత్‌పీస్ జోలికి ఇప్పుడే వెళ్లను, ముందు నా ఊపిరి, పెదవుల సంగతి తేలాలి. ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి.