“ల్యాగ్” అన్నిటికీ ఒకటే మాటా?

ప్రశ్న (తిరుపతి):
మా తమ్ముడు 4కె మానిటర్ తెచ్చుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పాతదే. అప్పట్నుంచి ఆటలాడుతూ పొద్దస్తమానం “ల్యాగ్ అవుతా ఉందక్కా” అని ఒకటే గోల. దీనికి మంచి తెలుగు మాట ఉందా? “వెనుకబడటం” అంటే వాడు పడీపడీ నవ్వుతున్నాడు.

జవాబు (చిత్తూరు):
నవ్వడా మరి! ఒక మాట వెతికితే దొరకదమ్మా. ల్యాగ్ అనే పేరు కింద నాలుగైదు వేరే వేరే జబ్బులున్నాయి. నేను కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. పిల్లోళ్లు వచ్చి “ల్యాగన్నా” అంటే నాకేమీ తెలియదు. “ఈడస్తా ఉండాదన్నా” అంటే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఈడ్చేది ఆగదు. మొదటి నుంచి చివరిదాకా బరువుగా సాగుతుంది. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 20,73,600. అంటే సరిగ్గా నాలుగింతల పని. తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మే ఫ్రేము. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమును కార్డు 16.7 మిల్లీసెకన్లలోపు గీసేయాలి. 33 పట్టిందంటే 30 ఫ్రేములే వస్తాయి. ఇది కార్డు సత్తువకు సంబంధించిన సంగతి. రిజల్యూషన్‌ను, అంటే చుక్కల లెక్కను, 1440పీకి (2560×1440) దించి చూడమనండి. ఫ్రేములు పెరిగితే ఈడుస్తున్నది కార్డే. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసర్‌ను అనుమానించాలి.

తడబడటం వేరు. ఆట బాగానే పోతూ ఉంటుంది, మలుపు తిరగ్గానే ఒక్క క్షణం పట్టేసి మళ్లీ పరుగెత్తుతుంది. సగటు చూస్తే 70 ఫ్రేములు, కంటికి మాత్రం నరకం. చాలాసార్లు వీడియో మెమరీ, అంటే కార్డులోనే ఉండే మెమరీ, చాలకే ఇలా అవుతుంది. గోడల మీది ఇటుకలు, బట్టల మీది నేత, ఈ టెక్స్చర్లన్నీ అందులో పట్టకపోతే కార్డు వాటిని మాటిమాటికీ సిస్టమ్ ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. ఆ దారి ఇరుకు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 టీఐ కార్డు చూడండి. 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలు, చిప్ ఒకటే. మెమరీ రెట్టింపైందని ఈడ్చేది పరుగందుకోదు, తడబాటు మాత్రం తగ్గుతుంది. “16 జీబీ సార్, 4కెలో దుమ్ము లేపుతుంది” అని ఎవరైనా అమ్మజూపితే ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకుని బేరమాడండి. కొన్ని ఆటల్లో షేడర్లు (రంగులు, వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతూ కూడా తడబడతాయి. దానికి కార్డు మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

ఇక “మొరాయించడం” మాత్రం వద్దు. ఎద్దు అడుగు వేయనని నిలబడిపోతే అది మొరాయించడం. పేపర్లలో ఈవీఎం నుంచి సర్వర్ దాకా అన్నీ మొరాయిస్తూనే ఉంటాయి, చదవలేక చస్తున్నాం. డ్రైవర్ క్రాషై తెర నల్లబడి కూర్చుంటే అప్పుడు వాడుకోండి.

పలమనేరు నుంచి:
మా నాయన బోరు మోటారుకు అచ్చం ఇవే అంటాడు. వోల్టేజీ లేకుంటే “మోటారు ఈడస్తా ఉండాది”. బోరులో నీళ్లు అడుగంటితే “ఆగాగి పోస్తా ఉండాది”. మొదటిదానికి కరెంటోళ్లను తిడతాడు, రెండోదానికి దేవుణ్ణి. తడబడేది మనిషి కదన్నా, మిషనుకు ఆగాగడమే బాగుంటుందేమో?

బెంగళూరులో ఉంటున్న తిరుపతి వాసి:
ల్యాగ్ అంటే అందరికీ అర్థమవుతుంది కదా. ఎందుకండీ ఈ రుద్దుడు?

చిత్తూరు:
అర్థమవుతుంది సార్, ఏదో బాగలేదని. నెట్ జాప్యమూ ల్యాగే, మౌస్ కదిపాక తెర మీద కదలిక ఆలస్యమైనా ల్యాగే. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అసలు ఫ్రేముల మధ్య కార్డు ఊహించి గీసినవి దూరుస్తుంది, లెక్కలో ఫ్రేములు పెరుగుతాయి, బొమ్మ నున్నగా సాగుతుంది, చేతికి మాత్రం స్పందన కాస్త మందగిస్తుంది. ఇప్పుడు ల్యాగ్ పోయిందనాలా, వచ్చిందనాలా? ఈడ్పు పోయి జాప్యం వచ్చిందంటే గొడవే లేదు. ఇంగ్లిష్ మాట మానమని నేననడం లేదు, నా దగ్గరికొచ్చే పిల్లోళ్లు ఏం కనబడిందో చెబితే చాలు.

పలమనేరు తమ్ముడూ, “ఆగాగి” నోటికి హాయిగా ఉంది. పేరు పెట్టాల్సి వచ్చినప్పుడే చిక్కు. తడబాటు అని రాయగలను, “ఆగాగుడు” అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ప్రశ్న అడిగినామె:
పరీక్ష చేయించాను. 1440పీలో హాయిగా ఆడుతోందట. 4కెలోనే ఉంచి, చిన్న బొమ్మను పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్‌లో క్వాలిటీ మోడ్ పెట్టినా దాదాపు అంతే బాగుందట.

చిత్తూరు:
అయితే ఈడ్పే. ఆ మోడ్‌లో కార్డు గీసేది 2560×1440 బొమ్మనే, దాన్నే 4కెకి పెంచి చూపిస్తుంది. కొత్త కార్డు ఇప్పట్లో అక్కర్లేదు.

ప్రశ్న అడిగినామె:
బతికించారు. ఇప్పుడింకోటి పట్టుకున్నాడు. కెమెరా గబుక్కున తిప్పితే బొమ్మ అడ్డంగా తెగి పై సగం ఒకవైపు, కింది సగం ఒకవైపు కనిపిస్తోందట. “టేరింగ్” అంటున్నాడు. చిరుగు అనొచ్చా?

పలమనేరు నుంచి:
సెట్టింగుల్లో వీ-సింక్ ఆన్ చేయమనండక్కా, కార్డు ఫ్రేములు మానిటర్ వేళకు కలుస్తాయి, అది పోతుంది. చిరుగు మాత్రం వద్దు, చిరిగింది మళ్లీ దానంతటదే అతుక్కోదు కదా. మా ఇంట్లో పాత టీవీ అట్ల చేస్తే “బొమ్మ కోసుకుంటా ఉండాది” అనేవాళ్లం.