తొమ్మిదో గ్రేడ్ నుంచే పిల్లల్ని బీఎస్/ఎండీకి తయారుచేయాలా?

న్యూజెర్సీ అమ్మ:
మా అమ్మాయి సెప్టెంబరులో తొమ్మిదో గ్రేడ్‌కి వెళ్తోంది. డాక్టర్ అవుతానంటోంది. హైస్కూల్ అవగానే కాలేజీకీ మెడికల్ స్కూల్‌కీ కలిపి ఒకేసారి సీటిచ్చే బీఎస్/ఎండీ (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి డాక్టర్ డిగ్రీ) గురించి ఇక్కడ మనవాళ్లు ఏ ఫంక్షన్‌లో కలిసినా మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడే మొదలుపెట్టకపోతే ఆలస్యమని ఒక కన్సల్టెంట్ వేల డాలర్ల ప్యాకేజీ చెప్పారు. నిజంగా అంత తొందరుందా?

ఒహాయో నాన్న:
ఉందండీ. మా అబ్బాయికి సీటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. కొన్నిచోట్ల సీనియర్ ఏడాది, అంటే పన్నెండో గ్రేడ్, నవంబరు మొదట్లోనే గడువు అయిపోతుంది. బ్రౌన్ యూనివర్సిటీలో ఇలాంటి ప్రోగ్రామ్ పీఎల్ఎంఈ ఎనిమిదేళ్లు, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ అక్కర్లేదు. కాన్సాస్ సిటీలోని యూఎంకేసీ యూనివర్సిటీలో అయితే ఆరేళ్లే. ఏడున్నర గంటల ఎంక్యాట్ టెన్షన్ తప్పడం చిన్న విషయం కాదు. మామూలు దారిలో, అంటే విడిగా కాలేజీ చదివి మెడికల్ స్కూల్స్‌కి అప్లై చేసినవాళ్లలో సగం మందికి కూడా ఆ ఏడాది ఎండీ సీటు రాదు.

రెసిడెంట్ డాక్టర్:
నేను బీఎస్/ఎండీలోనే చదివాను, ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్‌లో ఉన్నాను. అంకుల్, ఎంక్యాట్ మినహాయింపు అన్నిచోట్లా ఉండదు. చాలా ప్రోగ్రాములు కనీస స్కోరు అడుగుతాయి. కాలేజీలో జీపీఏ (మార్కుల సగటు) తగ్గినా చేతిలో ఉన్న సీటు పోతుంది. నార్త్‌వెస్టర్న్ హెచ్‌పీఎంఈ లాంటి పేరున్న ప్రోగ్రామే కొత్తవాళ్లను తీసుకోవడం మానేసింది. తొమ్మిదో గ్రేడ్ నుంచి ఒక్క పేరు మీదే ఆశపెట్టుకుంటే ఆ పిల్ల ఏమైపోవాలి?

నా ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. అవార్డుల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పదిహేడేళ్లకే ఇంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకున్నావని అడిగారు. అప్పటికి రెండేళ్లుగా ముసలివాళ్లుండే ఒక కేర్ హోంకి ఆదివారాలు వెళ్లేవాణ్ణి. అక్కడొక పెద్దావిడ ప్రతి వారం నా పేరు మళ్లీ అడిగేవారు. అన్నం తినిపించడానికి ముప్పావుగంట పట్టేది. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత ఆవిడ ఏ ముద్ద మింగలేకపోతున్నారో గమనించి నర్సుకి చెప్పడం మొదలుపెట్టాను. అదే చెప్పాను. ఆ ఆదివారాలు ఏ ప్యాకేజీలోనూ రావు ఆంటీ. పాపకు అలాంటి పని నచ్చుతుందో లేదో ముందు తననే తెలుసుకోనివ్వండి.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండో ఏడాదిలో కెమిస్ట్రీ రీసెర్చ్‌కి మారింది. తను నచ్చిన పనిలోకి వెళ్లింది. కానీ ఇంట్లో ఏడాదిపాటు సరిగా మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఒహాయో నాన్న:
ఎంక్యాట్ సంగతి ఒప్పుకుంటాను బాబూ, అన్నిచోట్లా ఒకేలా లేదు. కానీ నువ్వు కూడా పదిహేనేళ్లకే మొదలుపెట్టావు కదా!

రెసిడెంట్ డాక్టర్:
మొదలుపెట్టింది కేర్ హోంకి వెళ్లడం అంకుల్. బీఎస్/ఎండీ అనే మాట నేను విన్నది పదకొండో గ్రేడ్‌లో.

న్యూజెర్సీ అమ్మ:
రాత్రి ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. కేర్ హోంకి వెళ్తానంది. కన్సల్టెంట్‌కి ఇప్పుడే వద్దని చెప్పేశాను. తొమ్మిదో గ్రేడ్ పిల్లల్ని వాలంటీర్లుగా తీసుకుంటారా? వయసు నిబంధన ఏమైనా ఉంటుందా బాబూ?