అప్‌డేట్: అబిస్సల్ విప్‌తో స్ట్రెంగ్త్ పెరగకపోవడానికి కారణం తెలిసింది

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో అబిస్సల్ విప్ అనే కొరడా ఆయుధం చేపట్టినప్పటి నుంచి నా పాత్రకు స్ట్రెంగ్త్ (దెబ్బ బలాన్ని పెంచే నైపుణ్యం) లెవెల్ దాదాపు కదలడం లేదని గత నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పోరాట శైలిని చూడమన్న సలహాయే సరైనది. విప్‌కు స్ట్రెంగ్త్‌ను మాత్రమే పెంచే శైలి లేదు. నేను ఎంచుకున్న కంట్రోల్డ్ శైలిలో, ఒక్కో డ్యామేజ్ పాయింట్‌కు వచ్చే 4 ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) అటాక్, స్ట్రెంగ్త్, డిఫెన్స్ నైపుణ్యాల మధ్య మూడు సమాన వాటాలైపోతోంది. అందుకే మంకీ మ్యాడ్‌నెస్ 1 క్వెస్ట్ పూర్తిచేసి (ఆ కోతుల దీవిలో ఎన్నిసార్లు చచ్చానో చెప్పుకోలేను) అది పూర్తిచేస్తేనే వాడగలిగే డ్రాగన్ సిమిటార్ అనే వంపు కత్తికి మారాను. రెండింటి వేగమూ ఒకటే, 2.4 సెకన్లకు ఒక దెబ్బ. అగ్రెసివ్ శైలిలో ఆ 4 ఎక్స్‌పీ మొత్తం స్ట్రెంగ్త్‌కే చేరుతోంది. కవచం, కంఠహారం మార్చడం వల్ల దెబ్బ బలపడిందే తప్ప ఈ పంపకం మారలేదు. అటాక్ పెంచుకునేటప్పుడు మాత్రం విప్‌నే వాడుతున్నాను.