చర్చ: ఎఫ్4/80 ఒక్కటే ఆధారమైతే ‘మాక్రోఫేజ్’ అని రాయవచ్చునా?

గాజుపలక:
కొవ్వు పట్టిన చిట్టెలుక కాలేయాలపై పనిచేస్తున్న మా విద్యార్థిని ఒకరు సిద్ధాంత గ్రంథం ముసాయిదాలో ‘మాక్రోఫేజ్‌లు పెరిగాయి’ అని రాశారు. మాక్రోఫేజ్‌లంటే క్రిములనూ చచ్చిన కణాలనూ మింగే రోగనిరోధక కణాలు. ఆధారంగా చూపినవి ఎఫ్4/80 యాంటీబాడీతో (చిట్టెలుక మాక్రోఫేజ్‌ల మీద ఉండే ఎఫ్4/80 అనే ప్రోటీన్‌కు అతుక్కునేది; అతుక్కున్న చోట గోధుమరంగు తేలుతుంది) రంగు పట్టించిన స్లైడ్లు మాత్రమే. ఆ వాక్యాన్ని ‘ఎఫ్4/80 గల కణాలు పెరిగాయి’ అని మార్చమని నేను సూచించగా, సహోద్యోగి ఒకరు అది చాదస్తమని కొట్టిపారేశారు. నాకు అది చాదస్తంగా తోచడం లేదు.

ఒకే కణ వంశం (క్లోన్) నుంచి వచ్చే ఈ మోనోక్లోనల్ యాంటీబాడీని 1981లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్టిన్, గోర్డన్ వెలుగులోకి తెచ్చారు. థయోగ్లైకొలేట్ అనే వాపు పుట్టించే ద్రవం ఎక్కించడం వల్ల చిట్టెలుక ఉదరకుహరంలో పోగైన మాక్రోఫేజ్‌లను ఎలుకకు ఎక్కించి, ఆ ఎలుక ప్లీహ కణాలను మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి, పుట్టిన క్లోన్లలో నుంచి దీనిని ఏరుకున్నారు. (వాడుకలో రెంటినీ ఎలుక అనే అంటాం గానీ ఇక్కడ యాంటీబాడీ ఇచ్చినది పెద్ద ఎలుక, పరీక్షకు వచ్చేది చిట్టెలుక, ఆ తేడా మరిస్తే ఏమవుతుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.) అంటే ఇది ఉదరకుహరపు మాక్రోఫేజ్‌ను చూసి పుట్టినదే తప్ప, ఒంట్లోని ప్రతి మాక్రోఫేజ్‌నూ గుర్తుపడతానని మాట ఇచ్చినది కాదు. చిట్టెలుక ప్లీహం కోతను చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఎర్రగుజ్జు అంతా వల అల్లినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లగుజ్జు మాత్రం దీవుల్లా వెలవెలబోతూ ఉంటుంది, అక్కడ చచ్చిన లింఫోసైట్లను మింగుతున్న మాక్రోఫేజ్‌లు ఉన్నప్పటికీ. మరోవైపు ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల మీద ఈ ప్రోటీన్ కొద్దిగా ఉంటుంది. ఉన్నవాటిని వదిలేసి కానివాటిని కలుపుకునే గుర్తును పట్టుకుని కణానికి పేరు పెట్టడం సబబేనా?

నీలివెలుగు:
మీరు ప్లీహం చూపించి కాలేయం మీద తీర్పు చెబుతున్నారు. కాలేయంలో స్థిరపడి ఉండే మాక్రోఫేజ్‌లైన కుప్ఫర్ కణాలు ఎఫ్4/80ని దండిగా చూపుతాయి. సైనసాయిడ్ల (కాలేయంలోని సన్నని రక్తనాళాల) గోడలకు అతుక్కుని, చేతులు చాపినట్టు కనిపించే ఆ ఆకారాన్ని ఒకసారి చూసినవారు మరొకదానితో పొరపడరు. పైగా మీ కొలబద్దతో కొలిస్తే ఏ యాంటీబాడీ నిలుస్తుంది? మాక్రోఫేజ్‌లకు గుర్తుగా వాడే మరో ప్రోటీన్ సీడీ11బి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల మీదా ఉంటుంది. మానవ కణజాలంలో అందరూ నమ్ముకునే సీడీ68 అనే గుర్తు సైతం, కేపీ1 క్లోన్ యాంటీబాడీతో చూసినప్పుడు, మాక్రోఫేజ్‌లు కాని కణాలలోనూ కనబడుతుంది. గుర్తు పరిపూర్ణమా అన్నది కాదు, ఈ అవయవంలో ఈ ప్రశ్నకు చాలినదా అన్నదే విచారించవలసిన విషయం. కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీకి ఆరు రంగుల యాంటీబాడీలు కొనే స్తోమత ప్రతి ప్రయోగశాలకూ ఉండదని కూడా గమనించగోరుతాను.

పాతకటకం:
నీలివెలుగు గారి మాట ఆరోగ్యవంతమైన కాలేయానికి చెల్లుతుంది. ఇక్కడ ఉన్నది జబ్బు చేసిన కాలేయం. పిండదశలో పచ్చసొన సంచి వంశం నుంచి వచ్చి స్థిరపడిన మాక్రోఫేజ్‌లలో ఎఫ్4/80 మెండుగానూ, ఎముక మజ్జ నుంచి తరువాత వచ్చినవాటిలో కొద్దిగానూ ఉంటుందని 2012లో షుల్జ్ బృందం చూపింది. కొవ్వు కాలేయం వాపు దశకు చేరినప్పుడు పాత కుప్ఫర్ కణాలు చచ్చిపోతుంటాయి, మోనోసైట్లనే రక్తకణాల నుంచి కొత్తవి వచ్చి చేరుతుంటాయి. ముదురు గోధుమ చుక్కలను మాత్రమే లెక్కపెట్టేవారికి మొత్తం తగ్గినట్టు కనిపించవచ్చు, నిజానికి అది మార్పిడి. కాబట్టి నా ఆక్షేపణ ‘మాక్రోఫేజ్’ అన్న మాట మీద కంటే ‘పెరిగాయి’ అన్న క్రియ మీదే ఎక్కువ.

ఎలుక, చిట్టెలుక తేడా ప్రస్తావనకు వచ్చింది గనుక నా సొంత తప్పు ఒకటి చెప్పుకుంటాను. చాలా కాలం కిందట, వాపు వచ్చిన కాలేయాలలో నాకు ఎక్కడ చూసినా గోధుమరంగే కనిపించేది, సంబరపడి రెండు వారాలు లెక్కలు కట్టాను. ఒక సాయంత్రం మొదటి యాంటీబాడీ వేయడం మరచిపోయిన స్లైడు ఒకటి మిగతావాటితో కలిసిపోయి వచ్చింది. దాని మీదా అదే గోధుమరంగు. నేను వాడిన ద్వితీయ యాంటీబాడీ (మొదటిదానికి అతుక్కుని రంగు తెచ్చేది) ఎలుక ఇమ్యునోగ్లోబులిన్‌తో, అంటే యాంటీబాడీ ప్రోటీన్‌తో, పాటు చిట్టెలుక ఇమ్యునోగ్లోబులిన్‌నూ పట్టుకునే రకం. వాపున్న చోట చిట్టెలుక సొంత యాంటీబాడీలు ఊరి ఉంటాయి కదా, నేను లెక్కపెట్టినది వాటినే. చిట్టెలుక సీరంతో శోషింపజేసి, చిట్టెలుక ప్రోటీన్లను పట్టుకునే భాగాన్ని తీసేసిన ద్వితీయానికి మారిన తరువాత నా ‘మాక్రోఫేజ్‌లు’ సగానికి పైగా మాయమయ్యాయి. మొదటి యాంటీబాడీ లేని స్లైడును ముసాయిదాలో చూపించారా అన్నది నేను ముందుగా అడిగే ప్రశ్న. పేరు సంగతి ఆ తరువాత.

నీలివెలుగు:
మార్పిడి విషయం ఒప్పుకుంటున్నాను; నేను ఆకారం మీద పెట్టుకున్న నమ్మకం కొత్తగా వచ్చిన గుండ్రటి కణాల దగ్గర నిలవదు. అయితే ‘ఎఫ్4/80 గల కణాలు’ అని రాస్తే చదివేవారు మనసులో మాక్రోఫేజ్ అనే చదువుకుంటారు. మాట మార్చి బాధ్యత తప్పించుకున్నట్టు కాదా?

గాజుపలక:
ఆ దెబ్బ నాకు తగిలింది. మాట మార్చడంతో సరిపెట్టకుండా, మిగిలిన పారఫిన్ బ్లాకుల నుంచి పక్కపక్క కోతలు తీసి, ఒకదానికి ఎఫ్4/80, మరొకదానికి కుప్ఫర్ కణాలకు పరిమితమైన క్లెక్4ఎఫ్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వేయమన్నాను. పాతకటకం గారు అడిగిన స్లైడు ముసాయిదాలో లేదు. చేశారా అని అడిగితే, చేశానని, అది ‘శుభ్రంగా వచ్చింది గనుక’ బొమ్మల్లో పెట్టలేదని ఆమె జవాబు. పెట్టెలో నుంచి తీయించి స్వయంగా చూశాను, శుభ్రంగానే ఉంది. మొదటి బొమ్మ పక్కనే దానికి చోటు ఇప్పించాను.