గజ్జి అన్నారు, పాపని ఇంటికి పంపేశాను. తప్పు చేశానా?

మున్నేకొళాల అక్క:
మాది అనంతపురం. ఇక్కడ బెంగళూరులో, మున్నేకొళాలలో మా కింది వాటాలోనే ఆరేళ్ళుగా పిల్లల్ని చూసుకుంటున్నా. ఇప్పుడు 11 మంది, అందరూ మూడేళ్ళ లోపువాళ్ళే. సగానికి పైగా మన తెలుగు పిల్లలు.

ఈ వారం మూడు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒక పాపకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం నల్లగా, గరుకుగా మందం కట్టింది. గోక్కుని గోక్కుని రక్తం తెచ్చుకుంటుంది. ఒక బాబుకి ముక్కు కింద పుండు, దాని మీద బెల్లం పాకం ఎండినట్టు పసుపు పక్కు. ఇంకొకడికి మూతి చుట్టూ నాలుగు, అరికాళ్ళలో ఐదారు చిన్న పొక్కులు. సోమవారం ఒళ్ళు కాలిందన్నారు, మర్నాటికి తగ్గింది. పప్పన్నం పెడితే ఏడుస్తాడు, చల్లటి పాలైతే తాగుతాడు. చొంగ కారుతుంటే పళ్ళొస్తున్నాయిలే అనుకున్నా.

నిన్న సాయంత్రం కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకామె ఆ పాప చెయ్యి చూసి "ఇది గజ్జి కదండీ" అంది. మా ఆయా కన్నడావిడ, ఆమె కూడా "కజ్జి, కజ్జి" అని దూరం జరిగింది. రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో అదే మాట. భయమేసి పాప వాళ్ళమ్మకి ఫోన్ చేసి, తగ్గాకే తీసుకురమ్మన్నా. ఆ అమ్మాయి ఎదురు మాట్లాడలేదు, "సరేక్కా" అంది అంతే. అదే గుచ్చుకుంటోంది. మిగిలిన ఇద్దరూ రేపు కూడా వస్తారు. ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో తెలుసుకునేదెట్లా?

నిద్రలేని నాన్న:
అక్కా, ఆ మూడోవాడి అరచేతులు కూడా చూడండి. మావాడికి పోయినేడు ఇట్లాగే వస్తే చెమటకాయలని పౌడరు చల్లాం. "అరికాళ్ళలో చెమటకాయలు ఎక్కడైనా చూశారా?" అని డాక్టరు నవ్వాడు. హ్యాండ్ ఫుట్ మౌత్ అట, చేతుల్లో, కాళ్ళలో, నోట్లో పొక్కులొచ్చే వైరస్ జబ్బు. వారానికి తగ్గింది గానీ, నెల తర్వాత రెండు గోళ్ళు ఊడొచ్చాయి. మా ఆవిడ ఏడుపు మొదలెట్టింది. అదీ దీని వల్లేనట, కొత్తవి వచ్చేశాయి. మధ్యలో నాకూ అంటింది. ఈ వయసులో నోటిపూతతో ఇడ్లీ తినలేక ఏడ్చాను.

సర్జాపూర్ బాబాయ్:
ఇంత చర్చ ఎందుకమ్మా. మెడికల్ షాపులో గజ్జికీ తామరకీ కలిపి పనిచేసే ట్యూబు అడగండి, ఇస్తారు. మూడు రోజుల్లో మాయం.

రిటైర్డ్ నర్సమ్మ, కసవనహళ్ళి:
బాబాయ్ గారూ, మీరు చెప్పే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. తామర (ఫంగస్ వల్ల వచ్చేది) మీద రాస్తే నాలుగు రోజులు అణిగినట్టుంటుంది, లోపల్లోపల పాకుతుంది. ఉంగరంలాంటి అంచు చెరిగిపోయి, డాక్టరుకి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. పసిపిల్లలకి ఆ సలహా ఇవ్వకండి.

అక్కకి ఒక మాట. కోప్పడకమ్మా. నువ్వు రాసినదాన్ని బట్టి, ఇంటికి పంపాల్సిన ఇద్దర్నీ ఉంచుకుని ఉండాల్సిన పాపని పంపేశావు. మడతల్లో, రెండు వైపులా ఒకేలా, గరుకుగా అంటే ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) అయ్యుండాలి. అది అంటుకోదు. పాపని ఎత్తుకున్నా ఏమీ కాదు.

గజ్జి వేరు. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, నడుము చూడాలి. రాత్రిళ్ళు దురద ఎక్కువ. నేనైతే ముందు "ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారు?" అని అడిగేదాన్ని. మొదటిసారి పట్టినవాళ్ళకి దురద తెలియడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది, అందుకే దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోమంటారు. ఏడాది లోపు పిల్లలకి అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వస్తుంది, అక్కడే మేమూ తికమకపడేవాళ్ళం.

ముక్కు కింద తేనె రంగు పక్కు చీముపొక్కుల లక్షణం. గోకిన వేలితోనే ఇంకోచోటికి, పక్క పిల్లాడికీ పాకుతుంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మొదలెట్టి 24 గంటలైనా గడిచాక రమ్మను. తువ్వాలు వేరు, గోళ్ళు కత్తిరించాలి.

మూడోవాడు ఆ నాన్నగారు చెప్పినదే అనిపిస్తోంది. 2022లో కేరళలో టమాటా ఫ్లూ అని టీవీలు హడలగొట్టాయే, అదీ చివరికి ఈ జబ్బే అని తేలింది. జ్వరం లేకుండా, పొక్కులు ఎండి, అన్నం తినేదాకా ఇంట్లో ఉండాలి. మలంలో మాత్రం ఈ వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది. డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడగాల్సిందే, దీనికి శానిటైజర్‌ని నమ్ముకోవద్దు.

పుస్తకాల్లో అన్నీ "ఎర్రగా" అని రాస్తారు. ఆ బొమ్మలు ఎక్కువగా తెల్లతోలు పిల్లలవి. మన పిల్లల్లో ఆ ఎరుపు ముదురు గోధుమలోకో, ఊదాలోకో దిగిపోతుంది. రంగుని వదిలేసి, ఎక్కడొచ్చిందో చూడు, వేలితో తాకి చూడు. ఆటలమ్మ అయితే ఎక్కువగా వీపు, పొట్ట, ముఖం మీద మొదలవుతుంది. కొత్త చుక్క, నీటి పొక్కు, ఎండిన పక్కు ఒకే రోజు ఒకే ఒంటి మీద కనిపిస్తాయి. అన్నీ పక్కు కట్టేదాకా రానివ్వకు.

ఇంకొకటి. జ్వరం ఉండి, మచ్చల మీద గాజు గ్లాసు నొక్కితే (స్టీలుది కాదు తల్లీ, లోపలికి కనబడాలి) రంగు చెదరకపోతే, ఎవరికీ ఫొటోలు పంపుతూ కూర్చోకు. నేరుగా ఆసుపత్రికి పో.

మున్నేకొళాల అక్క:
అమ్మా, పొద్దున్నే చూశాను. వాడి అరచేతుల్లో కూడా ఏడున్నాయి. ఇద్దరి ఇళ్ళకీ ఫోన్ చేసి డాక్టరుకి చూపించమన్నా. ముక్కు పుండు వాళ్ళ నాన్న కొంచెం విసుక్కున్నాడు, పర్లేదు.

పాప వాళ్ళమ్మతోనూ మాట్లాడాను. ఆర్నెల్ల వయసు నుంచే ఉందట. డాక్టరు చీటీ ఫోన్లోనే ఉంది. "అడిగుంటే చూపించేదాన్నక్కా" అంది. నా దగ్గర మాట లేదు. సోమవారం వస్తుంది, క్రీము డబ్బా తెస్తుంది, మధ్యాహ్నం నేనే రాస్తానన్నాను. ఆయాకి ఆ చీటీ ఫొటో చూపిస్తే చాలాసేపు చూసి "కజ్జి అల్ల" (గజ్జి కాదు) అంది. గ్రూపులో రాయమంటే మాత్రం నాకు చేతకాదంది. అది నేనే రాస్తున్నా.