హావ్‌లాక్‌లో రాత్రికి 45 వేల రిసార్టు: అమ్మానాన్నలను పంపొచ్చా, దండగా?

రమేశ్_మణికొండ
అందరికీ నమస్తే. జనవరిలో మా అమ్మానాన్నల పెళ్లయి 40 ఏళ్లు. అండమాన్‌లో హావ్‌లాక్ దీవి (2018 నుంచి పేరు స్వరాజ్ ద్వీప్), రాధానగర్ బీచ్‌ని ఆనుకుని అడవిలో ఒక లగ్జరీ రిసార్టు చూశాను. విడివిడి కుటీరాలు, చుట్టూ చెట్లు, టీవీ కూడా లేదట. నాకు చెప్పిన రేటు రాత్రికి 45 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. మూడు రాత్రులకు లక్షా అరవై వేలకు అటూఇటూ. విమానం, పడవ వేరు. వాళ్లిద్దరినే పంపుదామని నా ఆలోచన. తమ్ముడేమో "ఆ డబ్బుతో ఇంటి మీద సోలార్ పెట్టించొచ్చు" అంటున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, సబబేనా?

పెసరట్టు_ఉప్మా
సోలార్ పెట్టించు భయ్యా. పెళ్లిరోజు ఏటా వస్తుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది.

విశాఖ_వాసి
2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన ఎనిమిది బీచ్‌లలో రాధానగర్ ఉంది, మా రుషికొండా ఉంది. సిటీ బస్సెక్కి రమ్మనండి.

లెక్కల_మాస్టారు
రేటు సంగతి తర్వాత. ముందు ఆ రిసార్టుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: బీచ్ ప్రైవేటా, కాదా? రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నేను 2023 ఫిబ్రవరిలో వెళ్లాను. రాధానగర్ కాదు, అదే దీవిలో తూర్పున విజయనగర్ వైపు, ఇంకో రిసార్టు. బ్రోచర్‌లో "మా సొంత తీరం" అని అచ్చు వేశారు. పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చున్నామో లేదో, పదిహేను మంది దిగారు. బ్లూటూత్ స్పీకరు, బిర్యానీ డేగిసాలు, పిల్లల కేకలు. మేనేజరును పిలిచి అడిగితే "బీచ్ పబ్లిక్ సార్, మేమేం చేయలేం" అన్నాడు. మరి నా దగ్గర తీసుకున్నది దేనికి? మంచానికా? అలాంటి మంచం బాపట్ల సూర్యలంకలో నాలుగు వేలకు ఇస్తారు. లోకల్ వాళ్లను అటు రానివ్వకుండా చూసుకోవడం చేతకానప్పుడు అంత రేటు పెట్టకూడదు. నా పాయింటు ఇంతే.

సముద్రపు_గాలి
మాస్టారు వెళ్లింది తూర్పు వైపు, రమేశ్ గారు అడిగేది పడమటి వైపు. రెండూ ఒకటి కావు. తూర్పున నీళ్లు వెనక్కి వెళ్లాయంటే మోకాలి లోతుకు చేరడానికే రాళ్లమీద, చచ్చిన పగడాలమీద చాలా దూరం నడవాలి, చెప్పులు లేకపోతే అరికాలు కోసుకుంటుంది. ఈత అంటే ఆటుపోట్ల టైము చూసుకోవాల్సిందే. రాధానగర్‌లో ఆ బాధ లేదు, ఇసుక మెత్తగా లోపలి దాకా పోతుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని ఊరికే రాయలేదు.

నేను అలాంటి చోట రెండు రాత్రులున్నాను. జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు, కొబ్బరి తోటలు, పోక చెట్లు, వరిచేలు దాటి అడవిలోకి దిగుతుంది రోడ్డు. జనవరిలో ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, ఇది మనవాళ్లకు అలవాటు కాదు. ఆరు గంటలకు కుటీరానికి వెళ్తుంటే టార్చి వెలుగులో దారి కదులుతున్నట్టనిపించింది. వంగి చూస్తే సన్యాసి పీతలు, వందల్లో, ఒక్కోటి ఒక్కో గుల్ల మోసుకుంటూ అడ్డంగా పోతున్నాయి. ఒకదానికి గుల్ల దొరకలేదేమో, సీసా మూత తగిలించుకుంది. దాని వెనకే పది నిమిషాలు నిలబడ్డాను. అక్కడ డబ్బు కట్టేది మంచానికి కాదండీ, ఆ పది నిమిషాలకు. హైదరాబాద్‌లో అవి ఏ రేటుకూ దొరకవు.

మోకాళ్ల విషయం మాత్రం ఆలోచించండి. పడవ ఎక్కేటప్పుడు పలక ఊగుతుంది, రెయిలింగు పట్టుకుని దిగాలి. ఇసుకలో నడక మామూలు నడక కాదు. బీచ్‌కు దగ్గరి కుటీరమే అడగండి.

పెసరట్టు_ఉప్మా
సీసా మూత పీత కోసం లక్షా అరవై వేలు. 🙏

దీవి_పిల్ల
రమేశ్ అన్నా, నేను పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి పేరు శ్రీ విజయపురం) పుట్టి పెరిగాను. మా తాతగారిది శ్రీకాకుళం దగ్గర ఊరు, విశాఖ నుంచి ఓడలో వచ్చారు. చాలామందికి తెలియదు కానీ 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగు వాళ్లమే. తెలుగు మీడియం బడి కూడా ఉంది, అందులోనే చదివాను.

అమ్మానాన్నలను ఇద్దరినే పంపుతానంటున్నారు కాబట్టి చెబుతున్నా. హావ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆస్పత్రి. పెద్ద ఇబ్బంది వస్తే పోర్ట్‌బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆస్పత్రికి రావాలి, అంటే మళ్లీ సముద్రం దాటాలి. ప్రైవేటు పడవ గంటన్నర, ప్రభుత్వ పడవ రెండున్నర గంటలు. గాలి మారితే పడవలు ఆపేస్తారు. అందుకే తిరుగు విమానం ఉన్న రోజే హావ్‌లాక్ నుంచి బయల్దేరేలా పెట్టుకోవద్దు, ఒక రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండేలా చూడండి. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చాక ఫోన్లు బాగా నయం, అయినా అడవి వైపు సిగ్నల్ పోతుంది. నీళ్లలోకి గార్డులు చూపించిన చోటే దిగమనండి. రాధానగర్ చివర నీల్స్ కోవ్ దగ్గర 2010లో ఒక అమెరికన్ అమ్మాయిని మొసలి చంపింది.

మాస్టారు గారికి: ప్రైవేటు బీచ్ అనేదే లేదు. పోటుకు, పాటుకు మధ్యనున్న ఇసుక ఎవరి పట్టా కాదు. బ్రోచర్‌లో వాళ్లు రాసింది అబద్ధం. మీరు మేనేజరు మీద కోప్పడాల్సింది అబద్ధం రాసినందుకు, జనం వచ్చినందుకు కాదు.

లెక్కల_మాస్టారు
దీవి_పిల్ల గారూ, చట్టం నాకూ తెలుసు. 2019లో దీవులకు వేరే తీర నియమాలు వచ్చాయి. హావ్‌లాక్ లాంటి దీవిలో పోటు గీత నుంచి 20 మీటర్లు వదిలి కట్టుకోవచ్చు, అంతకుముందు అది 200. ప్రభుత్వమే అంత దగ్గరికి జరగనిచ్చిందంటే ఆ ముందున్నది రిసార్టు వాడుకోవడానికే కదా? లేకపోతే ఎందుకు జరగనిచ్చినట్టు?

దీవి_పిల్ల
20 మీటర్లు అనేది గోడ ఎంత దూరంలో ఉండాలన్న లెక్క మాస్టారూ, ఇసుక ఎవరిదన్న లెక్క కాదు. మీ ఇంటి ముందు రోడ్డుకు సెట్‌బ్యాక్ వదిలితే రోడ్డు మీదవుతుందా?

లెక్కల_మాస్టారు
నేను అడిగింది వాడకం గురించి, హక్కు గురించి కాదు. మళ్లీ చదవండి.

విశాఖ_వాసి
రుషికొండలో ఇరవై రూపాయల టికెట్టు పెడతామంటేనే ఊరంతా గొడవ చేశాం. ఇక్కడ 45 వేలు కట్టి ఇసుక నాదంటున్నారు.

సముద్రపు_గాలి
నేను మాస్టారితో కొంత ఏకీభవిస్తాను. చట్టం పక్కన పెట్టండి. స్పీకరు పెట్టడం ఎవరి హక్కూ కాదు. నిశ్శబ్దంగా ఉండే జనం వస్తే నాకేం అభ్యంతరం లేదు.

లెక్కల_మాస్టారు
అదే నేనూ చెబుతున్నది. ఇంకో మాట, కటువుగా ఉన్నా చెప్పాలి. ఆ దీవికి టూరిస్టు రాకపోతే ఏముంది? మా డబ్బుతోనే అక్కడ నలుగురికి అన్నం దొరుకుతోంది. మేం వచ్చే నాలుగు నెలలు కాస్త అటువైపు రాకుండా ఉంటే వాళ్లకు పోయేదేమీ లేదు.

దీవి_పిల్ల
ఇప్పుడు బయటపడింది అసలు మాట.

చెబుతాను వినండి. మా అన్నయ్య హావ్‌లాక్‌లో ఒక రిసార్టు వంటగదిలో పనిచేసేవాడు. పేరు అక్కర్లేదు. డిసెంబరులో సెలవు ఇవ్వకపోతే నాన్న, నేను పడవలో వెళ్లాం చూడ్డానికి. వాడికి మధ్యాహ్నం గంట ఖాళీ. నాన్న తడి ఇసుకమీద నడుచుకుంటూ వెళ్తుంటే గార్డు ఈల వేశాడు. "గెస్టా?" అన్నాడు హిందీలో. నాన్న కాదన్నాడు. "అయితే అటు నుంచి తిరిగి వెళ్లు" అని కర్రతో చూపించాడు. మా నాన్న ముప్ఫై ఏళ్లు ఆ నీళ్లలో వల వేసినవాడు. గొడవ పడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. అన్నయ్య కిచెన్ తలుపు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు, బయటకు రాలేకపోయాడు. టిఫిన్ డబ్బా అలాగే ఇంటికి తెచ్చేశాం.

మీ పదిహేను మంది బిర్యానీ వాళ్లు ఆదివారం పిక్నిక్‌కు వచ్చిన మాలాంటి వాళ్లే. మీకు అన్నం పెట్టేవాళ్లలో సగం మంది ఆ డేగిసాల చుట్టూనే ఉండి ఉంటారు. "మా డబ్బుతో అన్నం" అట!

పెసరట్టు_ఉప్మా
మాస్టారూ, ఇక వదిలేయండి.

లెక్కల_మాస్టారు
వదలను. ఆవిడ ఆవిడ నాన్నగారి సంగతి చెప్పారు, నాదీ వినాలి.

నేను వెళ్లింది సరదాకు కాదు. మా ఆవిడకు నాలుగో కీమో అయ్యాక డాక్టరు "ఇప్పుడు కాస్త బాగుంది, ఎక్కడికైనా తీసుకెళ్లండి" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. సముద్రం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని చోటు కావాలంది. ముప్ఫై ఏడేళ్లు పోచారం బైపాస్ పక్కన లారీల మోత మధ్య కాపురం చేశాం. మూడు రోజుల్లో రెండు రోజులు వాంతులతో గదిలోనే పడుకుంది. మూడో రోజు పొద్దున్న ఓపిక వచ్చి ఇసుకలోకి వచ్చింది. అప్పుడే ఆ స్పీకరు. పావుగంట కూర్చుని "లోపలికి పోదాం" అంది. జూన్‌లో పోయింది.

అందుకే అడుగుతున్నా, బీచ్ ప్రైవేటా కాదా అని.

(ఆ తర్వాత మూడు గంటలు ఎవరూ ఏమీ రాయలేదు.)

దీవి_పిల్ల
మాస్టారూ, నాకు తెలియదు. ఆ స్పీకరు పెట్టినవాళ్లది తప్పే. అది మావాళ్లే అయినా తప్పే. నేను అక్కడ ఉండి ఉంటే నేనే ఆపించేదాన్ని.

కానీ దానికి మందు మా నాన్నను వెనక్కి పంపడం కాదు.

లెక్కల_మాస్టారు
మీ నాన్నగారిని పంపమని నేనెక్కడ అన్నాను?

దీవి_పిల్ల
మొదటి పోస్టులో. "లోకల్ వాళ్లను అటు రానివ్వకుండా చూసుకోవడం" అని. పైకి వెళ్లి చూడండి.

లెక్కల_మాస్టారు
చూశాను. అన్నాను. ఒంటరిగా నడిచే మనిషి గురించి కాదు అది, గుంపుల గురించి. అయినా రాసింది రాసినట్టే ఉంది, దిద్దను. కానీ డబ్బు కట్టినవాడికి ఏదో ఒకటి దక్కాలి అన్న మాట మీద నేనింకా ఉన్నాను.

దీవి_పిల్ల
ఉండండి. నేనూ నా మాట మీదే ఉన్నాను.

సముద్రపు_గాలి
రమేశ్ గారు ఎక్కడ? మనం కొట్టుకుంటున్నాం, ఆయన జారుకున్నారు.

రమేశ్_మణికొండ
ఇక్కడే ఉన్నానండీ, అన్నీ చదువుతున్నా. రెండు రాత్రులకు తగ్గించి బుక్ చేశాను, నేల మీదే ఉండే కుటీరం, మెట్లు లేనిది. మూడో రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో మామూలు హోటలు, దీవి_పిల్ల గారు చెప్పినట్టే. ఒంటరిగా పంపడానికి ధైర్యం చాలలేదు, తమ్ముడిని కూడా పంపుతున్నా. వాడు వేరే లాడ్జిలో ఉంటాడట, 1,800 రూపాయలది, సోలార్ కక్ష తీర్చుకోవడానికి.

అమ్మకు ఈ రోజే చెప్పాను. పీతలు, సముద్రం, ఏదీ పట్టించుకోలేదు. "పొద్దున్నే నాలుగున్నరకు నాకు కాఫీ ఎవరు పెడతారు? గదిలో స్టవ్ ఉంటుందా?" అని ఒకటే గోల. ఎవరికైనా తెలుసా?

సముద్రపు_గాలి
స్టవ్ ఉండదు. రూమ్ సర్వీసు ఆరు తర్వాతే, అదీ పెద్ద కప్పులో గోరువెచ్చగా తెస్తారు.

లెక్కల_మాస్టారు
కెటిల్ ఉంటుంది. మా ఆవిడ చిన్న స్టీలు ఫిల్టరు చీరల మధ్య చుట్టి తీసుకొచ్చింది. కెటిల్ నీళ్లు రెండుసార్లు మరిగించి పొయ్యాలి, ఒకసారి చాలదు. పాలు రాత్రే అడిగి ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి. పొడి ఇంటి నుంచే.